తిరిగొచ్చే కరెంటుకూ దారి కావాలి: సొంతంగా కట్టుకునే విమానంలో రేడియో స్విచ్‌లు, గ్రౌండింగ్

వైరింగ్ బొమ్మల్లో గ్రౌండ్‌కి ఒక చిన్న గుర్తు ఉంటుంది. నిలువు గీత, దాని కింద ఒకదాని కన్నా ఒకటి పొట్టిగా మూడు అడ్డగీతలు. విమానం కట్టేవాళ్లు బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌కి, ఫ్యూజ్ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి రేడియోకి వెళ్లే వైరును శ్రద్ధగా గీస్తారు. గేజ్ (వైరు లావు) రాస్తారు, నంబరు వేస్తారు. రేడియో గ్రౌండ్ పిన్ దగ్గరికి వచ్చేసరికి ఆ మూడు గీతలు గీసి వదిలేస్తారు. ఇంటర్‌కామ్ (కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పరికరం) దగ్గర, హెడ్‌సెట్ జాక్ దగ్గర, స్ట్రోబ్ లైటు దగ్గర మళ్లీ అవే మూడు గీతలు. ఇవన్నీ కరెంటు పరంగా ఒకే బిందువు అని ఆ గుర్తుకు అర్థం. కాగితం మీద అది నిజమే. అల్యూమినియం రేకులు, రివెట్లు, ప్రైమర్ పూత, ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య స్టెయిన్‌లెస్ స్టీల్ అడ్డుగోడ (ఫైర్‌వాల్) ఉన్న అసలు విమానంలో మాత్రం నిజం కాదు. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల, మాట్లాడేటప్పుడు వచ్చే కీచుమనే మోత, స్ట్రోబ్ వెలిగినప్పుడల్లా చెవిలో టిక్‌మనే చప్పుడు ఎక్కువగా ఈ తేడాలోంచే పుడతాయి.

అమెరికాలో సొంతంగా కట్టుకునే విమానాలది పెద్ద ప్రపంచం. 1953లో మిల్వాకీలో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఏటా ఆష్‌కాష్‌లో జరిపే మేళాకు వేలాది విమానాలు వస్తాయి. ఒరెగాన్ రాష్ట్రం అరోరాలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అమ్మిన కిట్లతో పదివేలకు పైగా విమానాలు గాల్లోకి లేచాయి. అక్కడి నిబంధన ప్రకారం విమానంలో సగానికి పైగా పనిని కట్టేవాళ్లే, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలి. రెక్కలకు, కంట్రోళ్లకు కిట్ కంపెనీ ఇచ్చే బొమ్మలు మిల్లీమీటర్ దాకా ఖచ్చితంగా ఉంటాయి. రేడియో ప్యానెల్ అలా కాదు. ఏ రేడియో, ఏ ఇంటర్‌కామ్, ఎన్ని స్విచ్‌లు అన్నది ఎవరి ఇష్టం వారిది కాబట్టి వైరింగ్ భారం కూడా వారి మీదే పడుతుంది. ఫ్యాక్టరీ విమానంలో ఒక ఇంజనీర్ల బృందం ముందే తేల్చి పెట్టే విషయాలను ఇక్కడ ఒక్క మనిషి, ఒక మల్టీమీటర్‌తో, గ్యారేజీలో తేల్చుకోవాలి.

ఇంటి వైరింగ్ తెలిసినవాళ్లు ముందుగా ఒక అలవాటు మార్చుకోవాలి. ఇంట్లో ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ వేరు. ఎర్త్ వైరులో మామూలుగా కరెంటు పారదు, అది ప్రమాదం వచ్చినప్పుడు కాపాడటానికే. విమానంలో గ్రౌండ్ అనేది న్యూట్రల్ పని చేస్తుంది. బ్యాటరీ నుంచి బయల్దేరిన ప్రతి ఆంపియరూ గ్రౌండ్ గుండానే బ్యాటరీకి తిరిగి వస్తుంది. స్టార్టర్ లాగే సుమారు 200 ఆంపియర్లు, ల్యాండింగ్ లైటు కరెంటు, రేడియో కరెంటు, మైక్ నుంచి వచ్చే అతి సన్నని సిగ్నల్ కూడా ఆ దారినే తిరిగి వెళ్తాయి. ఇవన్నీ ఒకే దారి పంచుకుంటే ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలిసిపోతుంది.

ఎంత తెలుస్తుందో లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. 22 గేజ్ రాగి వైరుకు మీటరుకు సుమారు 53 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటుంది. రేడియో గ్రౌండ్ వైరు ఇదే గేజ్‌లో మూడు మీటర్లు ఉంటే మొత్తం 160 మిల్లీఓమ్‌లు. మాట్లాడటానికి బటన్ నొక్కగానే రేడియో మూడు ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఆ వైరు రెండు కొసల మధ్య దాదాపు అర వోల్టు తేడా వస్తుంది. రేడియోకి 13 వోల్టులు అందినా 12.5 అందినా పెద్ద నష్టం లేదు. కానీ మైక్ సిగ్నల్ మహా అయితే కొన్ని వందల మిల్లీవోల్టులు. మైక్ జాక్ గ్రౌండ్ కూడా అదే వైరును పట్టుకుని తిరిగి వస్తుంటే, మైక్ సిగ్నల్ మీద దానంతటి అర వోల్టు వచ్చి కూర్చుంటుంది. పైగా విమాన రేడియో ఏఎం పద్ధతిలో (గొంతును బట్టి రేడియో అల ఎత్తు మారే పద్ధతి) పనిచేస్తుంది కాబట్టి గొంతు హెచ్చుతగ్గులను బట్టి ట్రాన్స్‌మిటర్ లాగే కరెంటు కూడా మారుతుంటుంది. అంటే పైలట్ గొంతే గ్రౌండ్ వైరు దారిలో మళ్లీ మైక్‌లోకి చేరుతోంది. టవర్‌లో ఉన్నవాళ్లకు మాట బొంగురుగా, చెదిరి వినిపించడానికి రేడియోలో లోపమే ఉండక్కర్లేదు.

అందుకే రేడియో వైరింగ్‌లో ప్రతి కరెంటుకూ రెండు ప్రశ్నలు అడగాలి. ఎక్కడి నుంచి వస్తోంది, ఏ దారిన తిరిగి వెళ్తోంది. రెండో ప్రశ్నకు జవాబు తెలియని వైరు ఒక్కటి కూడా ఉండకూడదు.

రెండు రకాల స్విచ్‌లు

రేడియో చుట్టూ ఉండే స్విచ్‌లు చూడటానికి ఒకేలా ఉన్నా పనిలో రెండు జాతులు. ఒకటి కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్. రెండోది రేడియోకి ఏదో ఒకటి చెప్పే స్విచ్. మాట్లాడే బటన్, అంటే పీటీటీ, ఈ రెండో జాతిది. స్టాండ్‌బైలో ఉంచిన ఫ్రీక్వెన్సీని వాడుకలోకి తెచ్చే, కంట్రోల్ స్టిక్ మీది చిన్న బటన్ కూడా అంతే. మొదటి రకాన్ని పాజిటివ్ వైపు పెట్టాలి. రెండో రకం గ్రౌండ్ వైపు పనిచేస్తుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే వచ్చే చిక్కులు వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

కరెంటు స్విచ్‌ని గ్రౌండ్ వైపు పెడితే ఏమవుతుంది? బొమ్మలో చూస్తే తప్పేమీ కనిపించదు. వలయం ఎక్కడ తెగినా కరెంటు ఆగాల్సిందే కదా. కానీ రేడియోకి గ్రౌండ్ ఒక్కచోట నుంచే అందదు. దాని లోహపు పెట్టె ట్రేకి, ట్రే ప్యానెల్‌కి బిగించి ఉంటాయి. యాంటెన్నా కేబుల్ పై అల్లిక విమానం ఒంటికి తగిలి ఉంటుంది. మైక్ వైరు షీల్డ్, అంటే బయటి శబ్దం చొరబడకుండా వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక, ఇంటర్‌కామ్ గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. స్విచ్ ఆపగానే రేడియో కరెంటు ఈ దొంగదారుల్లో దూరుతుంది. రేడియో పూర్తిగా ఆగదు. లేదా డిస్‌ప్లే మసకగా వెలుగుతుంది. అన్నిటికన్నా చెడ్డది, మూడు ఆంపియర్ల కరెంటు మైక్ కేబుల్ సన్నటి అల్లిక గుండా పారడం. గ్రౌండ్ పిన్ వదులై ఊడిపోయినా జరిగేది ఇదే. రేడియో పనిచేస్తూనే ఉంటుంది, కాకపోతే ఈల వేస్తుంది. కొత్తగా శబ్దం మొదలైన పాత విమానంలో ముందు చూడాల్సింది రేడియో వెనక గ్రౌండ్ పిన్ క్రింపింగ్‌ని, అంటే పిన్‌ని వైరుకు నొక్కి బిగించిన చోటుని. తయారీదారు కనెక్టర్‌లో రెండు గ్రౌండ్ పిన్‌లు ఇచ్చి ఉంటే రెండింటికీ వైరు వేయాలి. ఒకటి చాలులే అనుకుని రెండోదాన్ని వదిలేయడం మంచి పద్ధతి కాదు.

ఇక పీటీటీ. రేడియో లోపల ఒక రెసిస్టర్ ఆ లైన్‌ని పైకి పట్టి ఉంచుతుంది. బటన్ నొక్కితే లైన్ గ్రౌండ్‌కి తగులుతుంది, ట్రాన్స్‌మిటర్ ఆన్ అవుతుంది. పారే కరెంటు కొన్ని మిల్లీఆంపియర్లే కాబట్టి చిన్న స్విచ్ చాలు, 22 గేజ్ వైరు ఎక్కువే. సౌకర్యమూ ఉంది, ప్రమాదమూ ఉంది. కంట్రోల్ స్టిక్ ప్రతి కదలికతో ఆ వైరు వంగుతుంది. స్టిక్ కింద ఏదో బ్రాకెట్ అంచుకు రాసుకుని ఇన్సులేషన్ కోసుకుపోయి, లోపలి రాగి విమానం ఒంటికి తగిలితే రేడియో దాన్ని బటన్ నొక్కినట్టే భావిస్తుంది. ఇక ఆ ఫ్రీక్వెన్సీ మొత్తం మూగబోతుంది. కాక్‌పిట్‌లో ఇంజిన్ మోత తప్ప ఏమీ ప్రసారం కాదు, ఇంకెవరూ మాట్లాడలేరు, తన వల్లే ఇలా అయిందని పైలట్‌కీ తెలియదు. రద్దీగా ఉన్న విమానాశ్రయం దగ్గర ఇది చిన్న విషయం కాదు. అందుకే స్టిక్ దగ్గర వైరుకు కాస్త వదులు ఉంచాలి, అంచుల దగ్గర రబ్బరు గ్రోమెట్ వేయాలి. రేడియో డిస్‌ప్లే మీద వెలిగే ట్రాన్స్‌మిట్ గుర్తు పైలట్ కళ్లకు ఎదురుగా ఉండేలా ప్యానెల్ అమర్చాలి.

పీటీటీ బటన్ రెండో వైరును ఎక్కడ కలపాలన్నది తరచూ వచ్చే సందేహం. స్టిక్ కూడా ఇనుమే, అది విమానం ఒంటికి కలిసే ఉంది, అక్కడే ఒక స్క్రూకి బిగిస్తే ఒక వైరు మిగులుతుంది కదా అనిపిస్తుంది. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ స్టిక్‌కి గ్రౌండ్ అందేది బేరింగుల గుండా, వాటిలోని గ్రీజు పొర గుండా. ఈ రోజు తగిలిన లోహం చలికాలం ఉదయం తగలకపోవచ్చు. పైగా అక్కడి గ్రౌండూ రేడియో గ్రౌండూ ఒకే వోల్టేజిలో ఉంటాయన్న హామీ లేదు. బటన్‌కి రెండు వైర్లు వేసి, రెండోదాన్ని ఇంటర్‌కామ్ లేదా రేడియో ఆడియో గ్రౌండ్ పిన్‌కి చేర్చడమే సరైన పద్ధతి. ఒక మీటరు వైరు బరువు ఎంత గనక!

గ్రౌండ్ వైపు పనిచేసే స్విచ్‌లు విమానంలో ఇంకా రెండు ఉన్నాయి. అవి రేడియోవి కాకపోయినా రేడియో శబ్దంతో వాటికి సంబంధం ఉంది. ఒకటి, ఇంజిన్‌కి స్పార్క్ అందించే మాగ్నీటో స్విచ్. మాగ్నీటోని ఆపాలంటే దాని పీ-లీడ్ వైరును గ్రౌండ్‌కి తగిలించాలి. అంటే ఆ వైరు తెగితే మాగ్నీటో ఆగదు, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజిన్ రగులుకోవచ్చు. ఈ వైరు స్పార్క్ శబ్దాన్ని ప్యానెల్ దాకా మోసుకొస్తుంది కాబట్టి షీల్డ్ ఉన్న వైరే వాడతారు. ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది. షీల్డ్‌ని మాగ్నీటో దగ్గర దాని ఒంటికి బిగించి, ఇటు కొసను స్విచ్ గ్రౌండ్ టెర్మినల్‌కి మాత్రమే కలపాలి. స్విచ్‌ని ప్యానెల్ దగ్గర విడిగా గ్రౌండ్ చేయకూడదు. అప్పుడు స్పార్క్ కరెంటు వచ్చిన కేబుల్‌లోనే తిరిగి వెళ్తుంది, రేడియో గ్రౌండ్ ఛాయలకు రాదు. రెండోది బ్యాటరీ మాస్టర్ స్విచ్. అది బ్యాటరీ కాంటాక్టర్ (బ్యాటరీని కలిపే పెద్ద రిలే) కాయిల్‌ని గ్రౌండ్‌కి కలుపుతుంది. ప్యానెల్ దాకా ఫ్యూజ్ లేని పాజిటివ్ వైరును తేవాల్సిన పని తప్పించడానికే ఆ ఏర్పాటు. ఆ వైరు ఎక్కడైనా ఒంటికి తగిలితే మాస్టర్ ఆన్ అవుతుంది తప్ప మంట రాదు. కాయిల్ ఆగినప్పుడు ఎగిరే వోల్టేజి స్పైక్‌ని మింగడానికి దాని మీద ఒక డయోడ్ పెట్టాలి. అది లేకపోతే స్విచ్ కాంటాక్టులు కాలిపోతూ వస్తాయి.

జాక్‌లు, షీల్డ్‌లు

హెడ్‌సెట్ జాక్ దగ్గర జరిగే పొరపాటు మిగతా అన్నిటికన్నా మామూలుది. మామూలు విమాన హెడ్‌సెట్‌కి రెండు ప్లగ్‌లు ఉంటాయి. వినడానికి పావు అంగుళం లావున్నది, మైక్‌కి 0.206 అంగుళాల సన్నది. మైక్ ప్లగ్ కొన మీద పీటీటీ, మధ్య వలయం మీద మైక్ సిగ్నల్, మొదలు మీద గ్రౌండ్. జాక్‌ని అల్యూమినియం ప్యానెల్‌కి బిగించగానే దాని ఒళ్లు ప్యానెల్‌కి తగులుతుంది. అప్పుడు మైక్ గ్రౌండ్‌కి రెండు దారులు ఏర్పడతాయి. ఒకటి వైరులోని దారి, రెండోది ప్యానెల్ గుండా. ఆ రెండు దారులూ కలిసి ఒక వలయం. విమానం ఒంటిలో పారే ప్రతి కరెంటులో కొంత భాగం ఆ వలయంలోకి మళ్లుతుంది. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగే జనరేటర్) కరెంటు అందులో ఉంటే ఈల వినిపిస్తుంది. దీనికి మందు కొన్ని పైసల విలువ చేసే ఫైబర్ లేదా నైలాన్ వాషర్లు. రంధ్రం లోపలికి దూరే మెడ ఉన్న వాషర్ ఒకటి, అవతలి వైపు చదునుది ఒకటి. ప్యానెల్‌లో రంధ్రం కాస్త పెద్దదిగా వేయాలి. బిగించాక ప్లగ్ పెట్టకుండా, వైర్లు విప్పి, జాక్ ఒంటికీ ప్యానెల్‌కీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడాలి. బీప్ వస్తే వాషర్ పక్కకు జరిగిందని అర్థం.

ఆ ఈల ఎందుకు ఈలలాగే ఉంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. ఆల్టర్నేటర్ మూడు ఫేజుల్లో తయారుచేసే కరెంటును ఆరు డయోడ్లు డీసీగా మారుస్తాయి. అది పూర్తిగా చదునైన డీసీ కాదు, ఒక్కో ఆవృత్తికి ఆరు చిన్న అలలు మిగులుతాయి. 12 ధ్రువాల ఆల్టర్నేటర్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 600 ఆవృత్తులు, అంటే 3,600 అలలు. చెవికి బాగా వినిపించే శ్రుతి అది. థ్రాటిల్ తోస్తే శ్రుతి పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ఇలా మారే ఈల ఉంటే ఆల్టర్నేటర్ ఫీల్డ్ స్విచ్‌ని ఆపి చూడాలి. ఈల మాయమైతే మూలం దొరికినట్టే. కానీ ఆల్టర్నేటర్ చెడిపోయిందని అర్థం కాదు. ఆ అలలు ఎప్పుడూ ఉండేవే. అవి ఆడియోలోకి చేరే దారి ఎక్కడుందో వెతకాలి. ఫిల్టర్ కొని పవర్ వైరులో పెట్టేవాళ్లు చాలామంది. గ్రౌండ్ దారిలో వచ్చే శబ్దాన్ని పాజిటివ్ వైరులో పెట్టిన ఫిల్టర్ ఆపలేదు. అందుకే చాలామందికి ఫిల్టర్ పెట్టాక కూడా అదే ఈల వినిపిస్తుంది.

షీల్డ్ విషయంలో సూత్రం చిన్నది. ఆడియో వైరు షీల్డ్‌ని ఒక్క కొసలోనే, రేడియో లేదా ఇంటర్‌కామ్ వైపు గ్రౌండ్ చేయాలి. జాక్ వైపు దాన్ని ఒంటికి తగలనీయకూడదు. మైక్ గ్రౌండ్‌కి విడిగా ఒక లోపలి వైరు వేసుకుంటే ఇంకా మంచిది, షీల్డ్‌కి షీల్డ్ పని ఒక్కటే మిగులుతుంది. యాంటెన్నా కోయాక్స్ కేబుల్‌కి ఈ నియమం వర్తించదు, దాని అల్లిక రెండు కొసల్లోనూ తగలాల్సిందే.

రెండు రేడియోలు, ఒక హెడ్‌సెట్ ఉన్నప్పుడు ఏ రేడియోలో మాట్లాడాలో ఎంచుకునే స్విచ్ కావాలి. ఆడియో ప్యానెల్ కొనలేనివాళ్లు, కొనడం ఇష్టం లేనివాళ్లు రెండు పోళ్లు, రెండు త్రోలు ఉన్న టాగుల్ స్విచ్‌తో పని కానిస్తారు. ఒక పోల్ మైక్ సిగ్నల్‌ని, రెండోది పీటీటీని ఒకటో రేడియోకో రెండో రేడియోకో మళ్లిస్తాయి. గ్రౌండ్‌ని మాత్రం ఈ స్విచ్ గుండా పంపకూడదు. రెండు రేడియోల ఆడియో గ్రౌండ్లు ఎప్పుడూ కలిసే ఉండాలి. గ్రౌండ్‌ని కూడా మారిస్తే స్విచ్ తిప్పే క్షణంలో మైక్ గాల్లో వేలాడుతుంది, చెవిలో పెద్ద పటపట వినిపిస్తుంది. వినడం కోసం రెండు రేడియోల ఆడియోని రెసిస్టర్ల ద్వారా కలపొచ్చు. నేరుగా కలిపితే ఒకదాని ఆంప్లిఫయర్ రెండోదానికి బరువవుతుంది.

ఏవియానిక్స్ మాస్టర్ కావాలా?

రేడియోలన్నిటినీ ఒకేసారి ఆపే ఒక స్విచ్ ఫ్యాక్టరీ విమానాల్లో చాలాకాలంగా ఉంది. ట్రాన్సిస్టర్ రేడియోలు కొత్తగా వచ్చిన రోజుల్లో స్టార్టర్ వల్ల అవి చెడిపోతాయన్న భయంతో వచ్చిన ఏర్పాటు ఇది. ఆ రోజులు వేరు. విమాన పరికరాలు వోల్టేజి స్పైకులను, హెచ్చుతగ్గులను ఎంతవరకు తట్టుకోవాలో చెప్పే ఆర్‌టీసీఏ సంస్థ డీవో-160 ప్రమాణం 1975లో వచ్చింది. దాని ప్రకారం పరీక్షించిన రేడియో, స్టార్టర్ నొక్కితే కాలిపోకూడదు. బ్యాటరీ, పరికరాలన్నిటికీ కరెంటు పంచే పట్టీకి (బస్) కలిసి ఉన్నంతసేపు అదే పెద్ద షాక్ అబ్జార్బర్‌లా పనిచేస్తుంది. స్టార్టర్ తిరిగేటప్పుడు నిజంగా జరిగేది వోల్టేజి పడిపోవడం. తెర ఉన్న పరికరాలు ఆ పడిపోవడంలో ఆగి మళ్లీ మొదలవుతాయి. అది చిరాకే కానీ ప్రమాదం కాదు.

ఇటువైపు నష్టం స్పష్టంగా కనిపిస్తోంది. రేడియోలు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం), నావిగేషన్ అన్నీ ఒకే టాగుల్ స్విచ్ మీద ఆధారపడితే, మేఘాల్లో ఉన్నప్పుడు ఆ ఒక్క స్విచ్ విరిగిందంటే అన్నీ ఒకేసారి పోతాయి. తయారీదారు ప్రత్యేకంగా కావాలని చెప్తే తప్ప సొంత విమానంలో ఒంటరి ఏవియానిక్స్ మాస్టర్ పెట్టకపోవడమే మేలు. పెట్టాలనుకుంటే దానికి రెండో దారి ఇవ్వాలి. ముఖ్యమైన పరికరాలను ఒక చిన్న బస్ మీదకు చేర్చి, దానికి మెయిన్ బస్ నుంచి డయోడ్ గుండా ఒక దారి, బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజ్, స్విచ్ గుండా ఇంకో దారి ఇస్తే సరిపోతుంది. ఆల్టర్నేటర్ పోయినప్పుడు మాస్టర్ ఆపేసి ఆ రెండో స్విచ్ వేస్తే, కాంటాక్టర్ కాయిల్ తినే కరెంటు కూడా మిగిలి, బ్యాటరీ మీద ఎక్కువసేపు ఎగరొచ్చు. సాధారణ సిలికాన్ డయోడ్‌లో అర వోల్టు నుంచి ముప్పావు వోల్టు దాకా పోతుంది, అది లెక్కలో ఉంచుకోవాలి.

స్విచ్ రేటింగ్ గురించి రెండు మాటలు. దుకాణంలో దొరికే టాగుల్ స్విచ్ మీద సాధారణంగా ఏసీ రేటింగే రాసి ఉంటుంది. ఏసీలో కరెంటు సెకనుకు కనీసం వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్టుల మధ్య మెరుపు దానంతట అదే ఆరిపోతుంది. డీసీలో అలా ఆరదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ సలహా పత్రం (అడ్వైజరీ సర్క్యులర్) ఏసీ 43.13-1బి ఇందుకోసం తగ్గింపు పట్టిక ఇస్తుంది. 12 వోల్టుల వ్యవస్థలో పాత ఫిలమెంట్ దీపానికి మామూలు కరెంటు కన్నా ఐదు రెట్లు రేటింగ్ ఉన్న స్విచ్, కాయిల్ లోడ్‌కి రెండు రెట్లు. 24 వోల్టుల్లో అవి ఎనిమిది, నాలుగు. మూడు నాలుగు ఆంపియర్ల రేడియోకి మంచి నాణ్యత గల పది ఆంపియర్ల స్విచ్ సరిపోతుంది. సర్క్యూట్ బ్రేకర్‌నే రోజూ స్విచ్‌లా వాడొద్దని అదే పత్రం చెప్తుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. ఫ్యూజ్ కాపాడేది వైరును, రేడియోని కాదు. 22 గేజ్‌కి 5 ఆంపియర్లు, 20 గేజ్‌కి 7.5 అనేది చాలామంది పాటించే జోడీ.

గ్రౌండ్‌ని ఒక చోటికి తేవడం

ఆచరణలో నిలబడే పద్ధతి ఇలా ఉంటుంది. ఫైర్‌వాల్ గుండా ఒక ఇత్తడి బోల్టు. ఇంజిన్ వైపు దానికి ఇంజిన్ ఒంటి నుంచి వచ్చే లావుపాటి అల్లిక పట్టీ, బ్యాటరీ నెగటివ్ కేబుల్ బిగిస్తారు. కాక్‌పిట్ వైపు అదే బోల్టుకి వరసలుగా ట్యాబులు ఉన్న ఇత్తడి పలక బిగించి, ప్యానెల్‌లోని ప్రతి పరికరం గ్రౌండ్ వైరును విడిగా దాని మీదకు తెస్తారు. ఒకే బోల్టు మీద రింగ్ టెర్మినళ్లు గుట్టగా పేర్చకూడదు, ఒక బోల్టుకి నాలుగు మించకూడదని పైన చెప్పిన సలహా పత్రమే అంటుంది. ఫైర్‌వాల్ స్టెయిన్‌లెస్ స్టీల్‌నే గ్రౌండ్‌గా నమ్ముకోవడం పొరపాటు, రాగితో పోలిస్తే దాని నిరోధం నలభై రెట్ల దాకా ఉంటుంది. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజిన్‌కి ఆ పట్టీ తగిలించడం మర్చిపోతే స్టార్టర్ కరెంటు తిరిగి రావడానికి థ్రాటిల్, మిక్స్చర్ కేబుళ్లను వెతుక్కుంటుంది. అవి వేడెక్కి బిగుసుకుపోయిన సందర్భాలున్నాయి.

ల్యాండింగ్ లైటు, పిటాట్ హీటర్ (వేగం కొలిచే గొట్టాన్ని వేడి చేసేది), రెక్క చివరి స్ట్రోబ్ లాంటివి మెటల్ విమానంలో తామున్న చోటే ఒంటికి గ్రౌండ్ కావొచ్చు. వాటికి కొన్ని మిల్లీవోల్టుల తేడా పట్టదు. రేడియో, ఇంటర్‌కామ్, హెడ్‌సెట్, ఇంజిన్ సెన్సర్లు మాత్రం ఆ పలక దగ్గరికే రావాలి. ఒంటికి గ్రౌండ్ చేసే చోట పెయింట్, ప్రైమర్, అనోడైజింగ్ గీకేసి మెరిసే లోహం కనపడనివ్వాలి, బిగించాక తుప్పు పట్టకుండా పైన పూత వేయాలి. అతుకు నిరోధం మిల్లీఓమ్‌లలో ఉండాలి. మామూలు మల్టీమీటర్ ఇంత చిన్న నిరోధాన్ని నమ్మకంగా చూపలేదు. అతుకు గుండా ఒక ఆంపియర్ పంపి, దాని మీద ఎన్ని మిల్లీవోల్టులు పడుతున్నాయో చూస్తే అన్ని మిల్లీఓమ్‌లు అని తెలిసిపోతుంది.

ఫైబర్‌గ్లాస్ విమానాల్లో ఒళ్లు కరెంటును మోయదు కాబట్టి ప్రతిదానికీ వెనక్కి వైరు వేయక తప్పదు. 1979లో మొదటిసారి ఎగిరిన లాంగ్-ఈజీ లాంటి డిజైన్లలో ఇంజిన్ వెనక, బ్యాటరీ ముక్కులో. స్టార్టర్ గ్రౌండ్ కేబుల్ విమానం పొడవునా నడుస్తుంది. పని ఎక్కువైనా ఇందులో ఒక మేలుంది, ప్రతి కరెంటు దారినీ కట్టేవాళ్లు తామే నిర్ణయిస్తారు. రేకు విమానంలో దారిని లోహం నిర్ణయిస్తుంది. అయితే యాంటెన్నాకి కింద లోహపు పలక ఉండదు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పావు అలపొడవు దాదాపు 60 సెంటీమీటర్లు. అంతటి రాగి పట్టీలను రెండు చేతుల్లా ఫైబర్‌గ్లాస్ పొరల్లో అతికించి డైపోల్ చేస్తారు. కార్బన్ ఫైబర్ రేడియో అలలను అడ్డుకుంటుంది కాబట్టి దాని లోపల యాంటెన్నా పెట్టకూడదు.

శబ్దం వచ్చాక

శబ్దమంతా గ్రౌండ్ తప్పే కాదు. ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు, యూఎస్‌బీ చార్జర్లు రేడియో ఫ్రీక్వెన్సీలోనే మోత చేసి యాంటెన్నా గుండా లోపలికి రావచ్చు. అందుకే ముందు యాంటెన్నా కేబుల్ విప్పి వినాలి. శబ్దం పోతే అది గాల్లో వచ్చింది, గ్రౌండ్ వైర్లు పీకి లాభం లేదు. ఉంటే వైర్లలో వస్తోంది. అప్పుడు రేడియో వాల్యూమ్ తగ్గించి చూడాలి. శబ్దం తగ్గకపోతే అది వాల్యూమ్ దాటాక, ఇంటర్‌కామ్‌లోనో జాక్‌లోనో చేరుతోంది. తగ్గితే రేడియోలోకో దాని కన్నా ముందో వెళ్తోంది. రేడియోకి మాత్రం విడిగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చి చూస్తే పాజిటివ్ వైరు పాత్ర తేలుతుంది. పాత గ్రౌండ్ వైరు అలాగే ఉండగా శబ్దం కూడా అలాగే ఉంటే అనుమానం గ్రౌండ్ మీదకే వస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రమే కీచుమంటే, అదీ కొన్ని ఫ్రీక్వెన్సీల్లోనే అయితే, ట్రాన్స్‌మిటర్ శక్తి మైక్ వైరులోకి చేరుతున్నట్టు. యాంటెన్నా కనెక్టర్ అల్లిక, యాంటెన్నా పాదం కింద పెయింట్ చూడాలి. ఈ వరుసలో వెళ్తే ఒక మధ్యాహ్నంలో మూలం దొరుకుతుంది. వరుస లేకుండా భాగాలు మారుస్తూ పోతే నెలలు గడుస్తాయి.

కొత్త విమానం మొదటిసారి ఎగరడానికి ముందు రేడియోని ఇంజిన్ ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి పరీక్షించాలి. రెండోసారి ఆల్టర్నేటర్, ల్యాండింగ్ లైటు, స్ట్రోబ్, ఫ్యూయల్ పంపు అన్నీ ఆన్‌లో ఉండాలి. రెండు సీట్ల పీటీటీలనూ విడివిడిగా నొక్కాలి. బటన్ వదిలేసి స్టిక్‌ని నాలుగు వైపులా చివరిదాకా తోసి, రేడియో మీద ట్రాన్స్‌మిట్ గుర్తు వెలగడం లేదని చూడాలి. తర్వాత బటన్ నొక్కి పట్టుకుని మళ్లీ నాలుగు వైపులా తిప్పాలి, ఈసారి అది ఒక్కసారి కూడా ఆరిపోకూడదు.